నిద్రను అమ్ము విద్య



ఉద్యోగపర్వమున ఒక రాత్రి ధృతరాష్ట్రునకు నిద్ర పట్టలేదు. పాండవుల యొద్దనుండి వచ్చిన సంజయుడు, వారి మాటలు మఱునాడు సభలో చెప్పెదనని వెడలిపోయెను. రాజు విదురుని పిలిపించి తన బాధ చెప్పుకొనెను. విదురుడు మందు చెప్పలేదు. బలవంతుని చేత చిక్కిన దుర్బలునకు, సొమ్ము పోయినవానికి, కాముకునకు, దొంగకు నిద్ర రాదని చెప్పి, పరుల సొమ్ముపై ఆశ లేదు గదా యని అడిగెను. కారణ మడుగుట విదురుని పద్ధతి. అది యడుగకయే సరకు చూపుట నేటి ప్రకటనల పద్ధతి.

కలిదిండి వారికి దోమల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. దోమచుట్టల ప్రకటన నొకదానిని పరికింపుడు. దోమ యొక మూల చిన్నదిగ నుండును. పెద్దదిగ కనబడునది నిద్రించు పసిపాప, ఆ పాపపై చేయి వేసిన తల్లి. ఆ బొమ్మ చూచిన యిల్లాలు వెల యడుగుటకు ముందే తన బిడ్డ మొగము తలచుకొనును. కొనకున్నచో తల్లిగా లోటు చేసితినేమో యను శంక ఆమెకు పుట్టును. సరకు నమ్మునది ఆ శంకయే. పొగ మాట మాత్రము బొమ్మలో నుండదు. ఒక చుట్ట కాలినప్పుడు వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన పరిశోధన చెప్పినది. మంచమునకు కట్టు దోమతెరకు ఇంత ప్రచారము లేదు. ఒకసారి కొన్న ఏండ్ల తరబడి వచ్చు వస్తువు గదా!

ఇట్టి నేర్పు ఎంతవఱకు పోగలదో 1961లో లోకమునకు తెలిసినది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు విక్రయమునకు వచ్చెను. అచ్చట వైద్యుని చీటీతో పని లేకుండెను. అంతకు మున్ను వాడుకలో నున్న బార్బిట్యురేటు మాత్రలు మోతాదు మించిన ప్రాణము తీయునవి. ఇది నిరపాయమని చాటిరి. బ్రిటనులో దీనినే డిస్టావాల్ అను పేర అమ్మినవారు 1961లో వైద్యులు చదువు పత్రికలో ఒక బొమ్మ వేయించిరి. అందు మందుసీసా చేత బట్టిన పసివా డొకడు. వాని ప్రాణము ఈ మందు నిరపాయత వలననే నిలువవచ్చునని దాని భావము. వైద్యుడును బిడ్డల తండ్రియే గదా! ఆ యేడు ముగియకమునుపే రెండు దేశములలోను ఆ మందును వెనుకకు దీసికొనిరి. గర్భిణులు దానిని వాడినందున కాలుసేతులు సరిగా నేర్పడని శిశువులు లోకమున పదివేలకు పైగా పుట్టిరి. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ యను అధికారిణి బొమ్మ చూడలేదు. సాక్ష్యము చూపుడని పట్టుబట్టి అనుమతి నిలిపివేసెను.

ప్రకటన యెల్ల చెడ్డదనుట న్యాయము గాదు. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టిరి. వాడి చూచి కొనుడనుటకన్న నిజాయితీ గల ప్రకటన యేది? ఆ రాబడియే 1908లో ఆంధ్రపత్రికకు ప్రాణము పోసినది.

మన దేశమున 1954 నాటి చట్టము మధుమేహము, గ్రుడ్డితనము, నరముల బలహీనత మొదలగువానిని నయము చేయుదుమను మందుల ప్రకటనలను నిషేధించినది. నిద్రమాత్రలను వైద్యుని చీటీ లేక అమ్మరాదు. కాన బొమ్మలు నేడు తైలములకు, పరుపులకు, దిండ్లకు మరలినవి. నిద్రించు పసిపాప చిత్రమును ఏ చట్టమును పట్టుకొనజాలదు.

ఈ సీమలో రొయ్యల చెఱువు గట్టున రైతు తెల్లవాఱుజామువఱకు మేలుకొని యుండును. నీటిలో ప్రాణవాయువు తగ్గు వేళ యది; కరెంటు పోయినచో ఏరియేటర్లు ఆగును. మంచి పరుపున్నచో నిద్ర వచ్చునని అతనికి ప్రకటన చెప్పును. విదురుడే వచ్చి ఆ గట్టున కూర్చున్నచో, చెఱువు కౌలెంత, మేత బాకీ యెంత, వడ్డీ యే లెక్కను కట్టుచున్నారని అడిగి యుండును.