పాత పికప్‌కు రంగు సోకు కోసం కాదు

(సంఘం మండల శిక్షణ తరగతుల్లో ఒక రైతు సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మనం మద్దతు ధర గురించి మాట్లాడుకుంటాం, పంటల బీమా గురించి, కౌలు రైతుల గురించి మాట్లాడుకుంటాం. బండి రంగు గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట నాకు నవ్వొచ్చింది. ఆయన కారణం చెప్పాక నవ్వు పోయింది.

పోయిన ఏడాది మా ఊళ్లో ఇద్దరు రైతులు ఇంజన్ బాగున్న పికప్‌లను అయినకాడికి అమ్మేసి, ఫైనాన్సులో కొత్తవి తెచ్చుకున్నారు. ఎందుకమ్మావని అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట: "చూడ్డానికి తుక్కులా ఉందన్నా." ఆ ఏడే మిరపకు తెగులు తగిలింది. వాళ్లలో ఒకాయన ఇప్పుడు వాయిదా కట్టడానికి వడ్డీకి అప్పు తెస్తున్నాడు. వాయిదా నెలనెలా వస్తుంది, మన డబ్బు పంటకొకసారి వస్తుంది. ఈ తేడా తెలిసి కూడా రంగు వెలిసిందని అప్పులో దిగుతున్నాం. అందుకే ఈ విషయం సంఘంలో మాట్లాడాల్సిందే.

నాది 2010 నాటి బొలెరో పికప్, తెల్లది. మూడేళ్ల కిందట నేనూ బేరం పెట్టాను. వచ్చిన బ్రోకరు బానెట్ కూడా ఎత్తలేదు. చుట్టూ తిరిగి, డోరు మీద వేలితో గీసి, వేలికి అంటిన తెల్లపొడి నాకు చూపించి ధర చెప్పాడు. ఆ ధరకు మంచి గేదె కూడా రాదు. అమ్మలేదు. పనిలేని రోజుల్లో నేనూ మా అబ్బాయీ కూర్చుని బాగుచేసుకున్నాం. ఆ బండి ఇవాళ బయట చెట్టుకింద ఉంది, మీరే చూడండి.

ముందు ఒక భయం తీసేయాలి

"పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే" అని కొందరు చెప్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లో వయసు ఒక్కటే చూసి రైతు బండిని తుక్కుకు పంపరు. ఫిట్‌నెస్ పరీక్షలో నిలవాలి, అంతే. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఫీజులు 2022 నుంచి బాగా పెంచారు. ఆ భారం మీద సంఘం మాట్లాడాలి, అది వేరే సంగతి. కానీ తుప్పుపట్టి రేకు ఊడుతూ, లైట్లు మసకబారిన బండిని తీసుకెళ్లి ఆ ఫీజు కట్టి, ఫెయిలై వెనక్కి రావడం మన చేజేతులా చేసుకునే నష్టం.

రంగు ఎందుకు చస్తుంది

కంపెనీ వేసిన రంగు అన్ని పొరలూ కలిపి చూసినా రెండు రాత కాగితాల మందం ఉండదు. ఇనుముకూ వానకూ మధ్య ఉన్న అడ్డం అదొక్కటే. ఎండకు పైపొర చచ్చి పొడిపొడి అవుతుంది. బ్రోకరు వేలికి అంటింది అదే. చచ్చింది పైపొరే, కింద మంచి రంగు ఇంకా ఉంది.

మన బండ్లకు ఎండతో పాటు ఎరువుల దెబ్బ కూడా ఉంది. పొటాష్ బస్తా చినిగి తొట్టిలో ఒలికితే ఊడ్చేసి ఊరుకుంటాం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండేది క్లోరైడ్, సముద్రపు ఉప్పులో ఉండేదీ అదే. గాలిలో తేమ తగిలితే చాలు, రేకును తింటుంది. రొయ్యల చెరువుల దగ్గర తిరిగే పికప్‌లు ఎంత తొందరగా చిల్లులు పడతాయో కోస్తావాళ్లకు చెప్పక్కర్లేదు. ఎరువు దించిన రోజే తొట్టి కడగాలి. తొట్టిలో రబ్బరు మ్యాట్ ఉంటే ఎత్తి దాని కింద కూడా కడిగి ఆరబెట్టాలి. డోరు అడుగున నీళ్లు పోవడానికి చిన్న కంతలుంటాయి. అవి బురదతో మూసుకుపోతే నీళ్లు డోరులోనే నిలిచి లోపల్నుంచి తుప్పు పడుతుంది. ఒక పుల్లతో నెలకోసారి పొడవండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడు రకాల జబ్బులు

బండిని నీడలో పెట్టి, బాగా కడిగి, ఆరాక చుట్టూ చూడండి. మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, మెరుపు పోయి పొడి రాలడం. ఇది మన చేత్తో బాగయ్యేదే. బట్టల సబ్బుపొడి కాకుండా బండి షాంపూతో కడగాలి. తర్వాత రబ్బింగ్ కాంపౌండు స్పాంజి మీద కొద్దిగా తీసుకుని, మూరెడు మేర ఒక్కోసారి రుద్దాలి. తేలిక రకంతో మొదలుపెట్టండి, చాలకపోతేనే గరుకుది వాడండి. స్పాంజికి బండి రంగు అంటితే భయపడొద్దు, పైన క్లియర్ కోటు లేని రంగు అలాగే అంటుతుంది. అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ మిషన్ పెట్టొద్దు. మా అబ్బాయి బానెట్ అంచు మీద మిషన్ ఆనించి, రెప్పపాటులో ప్రైమరు బయటపెట్టాడు. రుద్దడం అయ్యాక మైనం, అంటే వ్యాక్స్ పట్టించాలి. రెండు మూడు నెలలకోసారి మళ్లీ పట్టించాలి. మైనం పెట్టకపోతే చేసిన పనంతా ఒక వేసవిలో పోతుంది.

రెండోది, పైనున్న క్లియర్ కోటు ఎండకు కమిలిన చర్మంలా పొరలు ఊడటం. దీనికి ఏ పాలిషూ పనిచేయదు. ఊడిన పొర మళ్లీ అతుక్కోదు. ఆ రేకు వరకు గీకి మళ్లీ రంగు వేయించాల్సిందే. పాలిష్‌తో తీసేస్తానని ఎవరైనా అంటే డబ్బివ్వకండి.

మూడోది తుప్పు. రంగు బుడగలా ఉబ్బితే దాని కింద తుప్పు మొదలైందని లెక్క. గీకి తెల్లటి ఇనుము కనిపించేదాకా పోవాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ పూస్తే అది నల్లబడి గట్టిపడుతుంది. గీకిన రోజే ప్రైమరు పడాలి. రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లు పడితే కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. కొన్ని షెడ్లలో చిల్లు మీద లప్పం మెత్తి రంగు కొట్టేస్తారు. లప్పం నీళ్లు పీలుస్తుంది, మొదటి వానాకాలానికే ఊడి కిందపడుతుంది. అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నా: గీకాక, లప్పం పెట్టకముందు నన్ను పిలవండి, చూస్తాను అని పెయింటరుతో ముందే ఒప్పందం చేసుకోండి. నిజాయితీగా పనిచేసే పెయింటరు దానికి ఏమీ అనుకోడు.

ఎన్‌సీ రంగు చవక, త్వరగా ఆరుతుంది, కానీ మన ఎండకు త్వరగా వెలుస్తుంది. హార్డెనర్ కలిపే పీయూ రంగు ఖరీదెక్కువైనా చాలాకాలం ఉంటుంది, డీజిల్ పడినా చెదరదు. అయితే పీయూ హార్డెనర్ పొగమంచు ఊపిరితిత్తులకు విషం. పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మోసపోయినవాళ్లం మనం, ఇక్కడా అదే తప్పు చేయొద్దు. ఇంట్లో, పశువుల కొట్టంలో పీయూ స్ప్రే చేయొద్దు. తగిన మాస్కు ఉన్న పెయింటరుకే వదిలేయండి.

నల్ల ప్లాస్టిక్, రబ్బరు, లైట్లు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. బంపరు, అద్దాల డొప్పలు, డోరు హ్యాండిళ్లు బూడిదరంగుకు తిరిగితే నేను ఏళ్ల తరబడి డీజిల్ గుడ్డతో తుడిచాను. ఆ పూటకు నల్లగా నిగనిగలాడేవి. సంత నుంచి తిరిగొచ్చేసరికి దుమ్మంతా అంటుకునేది. అంతకన్నా నష్టం, డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు డీజిల్‌కు ఉబ్బి, సాగి, వానకు లోపలికి నీళ్లు వదిలింది. కాలిన ఇంజనాయిలు పూసేవాళ్లు కూడా ఉన్నారు, దాని ఫలితమూ అంతే. ప్లాస్టిక్‌ను సబ్బునీళ్లతో, బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ కోసమే అమ్మే నల్లరంగు ద్రావకం పట్టించాలి. మరీ పాడైతే ప్లాస్టిక్ ప్రైమరు కొట్టి, మాట్ నలుపు వేయించాలి. రబ్బరుకు సిలికాన్ మందు వాడాలి.

హెడ్‌లైటు గాజుదైతే కడిగితే చాలు. ప్లాస్టిక్‌దైతే పసుపెక్కుతుంది. 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి, 1000, 2000 నంబర్లతో నీళ్లు పోస్తూ రుద్ది పాలిష్ పెడితే తేటబడుతుంది. పైన ఎండను ఆపే కోటింగ్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది. మన కూరగాయల బండ్లు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరేవి. నా లెక్కలో మొత్తం పనిలో ముందు చేయాల్సింది ఇదే.

కాగితాల జాగ్రత్తలు

రంగు పని చేసేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్నచోట గీకొద్దు, అక్షరాలు చెరిగితే ఫిట్‌నెస్ దగ్గరా, అమ్మకం దగ్గరా కష్టం. రిఫ్లెక్టర్ టేపు మీద రంగు పడితే కొత్తది అతికించండి. బండి రంగే మార్చాలనుకుంటే ఆర్‌సీలో కూడా మార్పించాలి. నా సలహా ఏమిటంటే ఉన్న రంగే వేసుకోండి.

సంఘం చేయగలిగింది

పాలిష్ మిషన్ ఒకటి ఊరికి చాలు, తలో కొంచెం వేసుకుని కొనుక్కోవచ్చు. వేసవిలో పనులు తగ్గినప్పుడు ఐదారు బండ్లు కలిపి ఒకే పెయింటరుతో మాట్లాడితే రేటూ తగ్గుతుంది, పని మీద మన కన్నూ ఉంటుంది.

అన్ని బండ్లూ నిలబెట్టదగినవని నేను చెప్పను. ఛాసిస్ ఫ్రేమే తుప్పు తిన్న బండికి రంగు వేయడం దండగ, ప్రమాదం కూడా. ముందు బండి కిందకు దూరి ఫ్రేమును సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే పనికి దిగండి. సుత్తి దిగబడితే అప్పుడు ఆలోచించండి. కానీ ఎవరో డోరు మీద వేలితో గీశాడని మాత్రం అప్పు కాగితం మీద సంతకం పెట్టకండి.

భోజనాలయ్యాక చెట్టుకిందకు రండి. నా బండి ఎడమ డోరు అడుగున కొత్త బుడగ ఒకటి లేచింది, దాన్ని అందరం కలిసి గీకుదాం. చేసి చూస్తేనే ఈ పని వస్తుంది.