ఛాయాపటమున మిగిలిన మచ్చ



క్షయవ్యాధికి సామాన్యముగ 6 మాసములు ఔషధములు సేవించి, కఫమున క్రిములు లేవని వైద్యునివలన వినిన పిమ్మటను, ఱొమ్ము ఎక్సురే పటమున తెల్లని మచ్చను చూచి దిగులుపడువారు పెక్కుమంది కలరు. ఆ మచ్చ యేమి చెప్పుచున్నదో, యేమి చెప్పజాలదో విచారింతము.

1895వ సంవత్సరమున జర్మనీదేశీయుడగు రాంట్‌జెన్ కనుగొనిన యీ కిరణములు గాలి నిండిన ఊపిరితిత్తులగుండ సులభముగ సాగిపోవును. అందువలన నవి పటమున నల్లగను, దట్టమైన యెముకలు తెల్లగను కన్పట్టును. క్రిములు పాడుచేసిన చోటును దేహము నారవంటి పదార్థముతో పూడ్చును. ఒక్కొక్కయెడ నచట సున్నము పేరుకొనును. వీనినే నివేదికలలో ఫైబ్రోసిస్ అనియు, కాల్సిఫికేషన్ అనియు వ్రాయుదురు. కాలిన చేతిమీది మచ్చవలె నివి యావజ్జీవము నిలువవచ్చును.

తార్కికులు పొగను చూచి నిప్పు నూహింతురు. బూడిదను చూచి నిప్పున్నదనుట హేత్వాభాసము. అయినను నివురుగప్పిన నిప్పను మాటయు మనకు కలదు. కావున పట మొక్కటియే ప్రమాణము కాదు. 1882లో కాక్ పండితుడు లోకమునకు చూపిన క్రిమి కఫమున సజీవముగ నున్నదా యనునదే ముఖ్యప్రశ్న. కఫమును సూక్ష్మదర్శినితో చూచుటయు, క్రిములను పెంచి చూచు కల్చరు పరీక్షయు దీనికి సాధనములు. క్రిమి జన్యుద్రవ్యమును పట్టు శీఘ్రపరీక్ష చచ్చిన క్రిములను గూడ చూపవచ్చును గాన చికిత్సానంతరమున దాని నొక్కదానినే నమ్మరాదు.

వేఱొక సాక్షి పాతపటము. చికిత్స ముగిసిననాటి పటమును దస్తావేజువలె భద్రపఱుపుడు. క్రొత్త పటము దానితో సరిపోయినచో నది ప్రాయికముగ మానిన గాయపు గుర్తే. మచ్చ పెరిగినను, క్రొత్తది పుట్టినను శోధింపవలెను. మన దేశపు క్షయ నిర్మూలన కార్యక్రమము చికిత్స ముగిసిన 6, 12, 18, 24 మాసములకు రోగిని మరల చూడవలెనని విధించినది. దగ్గు, జ్వరము, కృశించుట, కఫమున రక్తము కన్పట్టినచో నా గడువుకై వేచియుండరాదు. మానిన గుహలో బూజు చేరినను రక్తము పడవచ్చును. కావున కారణము తేలకయే పాతమందులు మరల మ్రింగరాదు.

నా పూర్వశిష్యు డొకనికి, కఫపరీక్షలు నిర్దోషములై యుండగా, పటమందలి మచ్చను చూచి యొక కార్యాలయమువారు కొలువు నిరాకరించిరి. సంబంధములు తప్పిపోయిన కన్యలనుగూడ నెఱుగుదును. అంటునది క్రిమి గాని మచ్చ కాదు. ఉద్యోగ మిచ్చువారును, పిల్ల నడుగువారును పటమును చూపుమనుటకు మాఱుగ వైద్యుని మాట నడిగిన న్యాయముగ నుండును.