బొమ్మ పెరిగింది, మాట తగ్గింది
(విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి టెలివిజన్‌లో వస్తున్న కొత్త పోకడల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. పరిటాలలో జాతీయ రహదారి పక్కన ఇల్లు, రెండేళ్ల కిందట మా అబ్బాయి కొనిచ్చిన 55 అంగుళాల టీవీ, డెబ్బై దాటిన రెండు చెవులు. ఇవే నా అర్హతలు. రహదారికి 65వ నంబరు ఇచ్చి చాలాకాలమైంది గాని మా ఊళ్లో పెద్దవాళ్లకు అది ఇంకా 9వ నంబరు రోడ్డే. లారీల మోత మాత్రం ఏ నంబరుకైనా ఒకటే.

పాత సంగతులు మీకు తెలిసినవే. 1975లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు ఏడాదిపాటు టీవీ చూపించారు. మన రాష్ట్రమూ అందులో ఉంది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి. 1987, 88లలో ఆదివారం పొద్దున రామాయణానికి టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టలు పడేవి. హిందీ రానివాళ్లం కూడా ఒక్క మాట పోనివ్వకుండా విన్నాం. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమై ఫోను, ఇంటర్నెట్టు, టీవీ ఒకే తీగలో ఇంటికి రావడం మొదలైంది.

ఈ ప్రయాణమంతటా బొమ్మే బాగుపడుతూ వచ్చింది. హెచ్‌డీ అంటే తెర మీద సుమారు 20 లక్షల చుక్కలు, 4కె అంటే 80 లక్షలు పైన. వినడానికి గొప్పగా ఉంది. కాని లెక్క వేసి చూడండి. 55 అంగుళాల తెర మీద 4కె చుక్కను విడిగా పోల్చుకోవాలంటే మంచి చూపున్నవాడు కూడా నాలుగడుగుల లోపు కూర్చోవాలి. మనం ఎనిమిది, పదడుగుల దూరంలో పడక కుర్చీలో ఉంటాం. ఆ దూరం నుంచి హెచ్‌డీకి, 4కెకి తేడా పట్టడం శుక్లాల ఆపరేషన్లయిన మన కళ్లకే కాదు, మనవళ్ల కళ్లకూ కష్టమే.

ఇక నా కథ. కొత్త టీవీ వచ్చిన నెలకే నాకు మాటలు అందడం మానేశాయి. చప్పుడు వినిపిస్తుంది, ఏమన్నారో తెలియదు. సీరియల్లో అత్తగారు కాశీకి వెళ్దామంటే నాకు కాఫీకి వెళ్దామన్నట్టుండేది. సౌండు పెంచుతూ పోయాను. పక్కింటి పిల్ల పదో తరగతి పరీక్షలకు చదువుకుంటోందని వాళ్ల నాన్న వచ్చి, "బాబాయిగారూ, కాస్త తగ్గించండి" అన్నాడు. సిగ్గేసింది. మా ఆవిడ, "ఏవండీ, చెవులు చూపించుకోండి" అంది. చెవి మిషన్ల దుకాణానికి వెళితే రెండు చెవులకూ కలిపి 48 వేలన్నారు. బ్యాంకులో డిపాజిట్టు తీసేద్దామనే అనుకున్నాను. ఈలోగా టీవీ ముందు కూర్చోవడమే మానేశాను. ఆవిడ ఒక్కతే చూసేది, నేను వరండాలో లారీలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

డిపాజిట్టు తీయకముందు చెవి డాక్టరుగారి దగ్గర వినికిడి పరీక్ష చేయించుకున్నాను. సన్నని ధ్వనులు కొద్దిగా తగ్గాయి, వయసుకు మామూలే, ఇప్పుడే మిషను అక్కర్లేదన్నారు. మరి రేడియో వార్తలు బాగానే వినిపిస్తున్నాయే అని అనుమానం వచ్చి, అటక మీది పాత 21 అంగుళాల డబ్బా టీవీ దింపించి, అదే సెట్‌టాప్ బాక్సుకు మూడు రంగుల తీగలతో తగిలించాను. అదే ఛానలు, అదే వార్తలు. ప్రతి మాటా తెలిసింది!

కారణం ఏమిటంటే, పాత డబ్బాలో స్పీకరుకు చోటుండేది, ముఖం మనవైపు ఉండేది. ఇప్పటి టీవీ పలక లాంటిది. స్పీకర్లు చిన్నవి, చాలావాటిలో కిందికో గోడవైపో తిరిగి ఉంటాయి. వయసు మీద పడితే ముందు పోయేవి స, శ, ఫ వంటి సన్నని ధ్వనులు. అవి గోడకు కొట్టుకుని మసకబారితే మనకు మిగిలేది మోతే. పైగా ఇప్పటి సినిమాలకు ఆరు దారుల్లో ధ్వని పెడుతున్నారు. అందులో సంభాషణలకు ముఖ్యంగా మధ్య స్పీకరు. మన టీవీలో అన్నీ కలిసి రెండిట్లోకి దూరేసరికి సంగీతం మాటను మింగేస్తుంది.

నేను చేసిందల్లా రెండే. సెట్టింగులలో సౌండు అనే చోట మాట స్పష్టంగా వచ్చే ఏర్పాటు ఉంటే అది పెట్టించడం, నాలుగు వేల లోపు ఒక సౌండ్‌బారు కొని టీవీ వెనుక ఏఆర్‌సీ అని రాసి ఉన్నచోట తగిలించడం. ఇప్పుడు సౌండు మునుపటిలో సగం పెట్టినా చాలుతోంది.

నేను ఎదురుచూసే కొత్త పోకడ ఇదే. దక్షిణ కొరియాలో 2017లో మొదలైన కొత్త తరహా ప్రసారాల ధ్వని పద్ధతిలో మాటను వేరుగా, సంగీతాన్ని వేరుగా పంపి, చూసేవాడే మాటను పెంచుకునే వీలుంది. ఆరకాస్ట్ అని ఇంకొకటి 2022లో ప్రకటించారు. టీవీ ధ్వని ఒకేసారి ఎంతమంది చెవి మిషన్లకైనా నేరుగా చేరుతుంది, టీవీలోనూ మిషనులోనూ ఆ ఏర్పాటు ఉంటే. దుకాణంలో చుక్కల లెక్క చెబుతుంటే మీరు ఈ సంగతి అడగండి. అలాగని వినికిడి తగ్గినవారు నెపం టీవీ మీదకు నెట్టి పరీక్ష మానేయవద్దు. నాకు అక్కర్లేదన్నారు, మీకు కావలసి రావచ్చు.

కొనేముందు తేడా విని చూడాలనుకునేవారు పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర బస్సు దిగి ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. పాత డబ్బా, కొత్త పలక పక్కపక్కనే ఉన్నాయి. సాయంత్రం ఏడింటి వార్తల వేళకు రండి, ఎనిమిదయితే రిమోటు మా ఆవిడ చేతిలోకి వెళ్లిపోతుంది. సెలవు.