పిల్ల నల్లబడిందా? ఒళ్లు చేసిందా?

(మహిళా దినోత్సవం సందర్భంగా జంషెడ్‌పూర్‌లో జరిగిన మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బ్యాంకులో రోజూ పొరపాట్లు వెతికి సరిచేసేదాన్ని. ఈ రోజు నా ఇంట్లో నేను చేసిన పొరపాటు చెబుతాను.

మా మామగారు శ్రీకాకుళం నుంచి టాటా కర్మాగారంలో పనికి ఈ ఊరొచ్చారు. కద్మాలో స్థిరపడ్డాం. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. స్కూల్లో ఉండగా రోజూ సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడేది. కాలేజీలో చేరాక "ఎండలో తిరక్కు, నల్లబడతావు, రేపు సంబంధాలు చూడాలి" అన్నది నేనే. ఊరి నుంచి ఫోన్ వస్తే అబ్బాయిని "మార్కులెన్ని?" అని అడిగేవారు. అమ్మాయి గురించైతే "ఒళ్లు చేసిందా?" అనేవారు.

పిల్ల ఆట మానేసింది. తర్వాత రాత్రి అన్నం మానేసింది. సన్నబడుతోందని నేను సంతోషించాను కూడా. ఒకరోజు కాలేజీ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆడవాళ్లకు 12 అయినా ఉండాలి. "ఉక్కు నగరంలో ఉండి ఒంట్లో ఇనుము లేకపోతే ఎలాగమ్మా?" అన్నారు డాక్టరుగారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి అమ్మాయి అంది: "అమ్మా, నేను బాగా ఆడానని నువ్వు ఒక్కసారీ ఎవరికీ చెప్పలేదు."

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. క్రీము పేరు మారింది గానీ, మన ఇళ్లలో ప్రశ్న మారలేదు.

ఈ ఊరి ప్రేమలతా అగర్వాల్ ఇద్దరు కూతుళ్ల తల్లి. 2011లో, 48 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కారు. ఆవిడ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది ఆ శిఖరమే. రంగూ కాదు, బరువూ కాదు. మన పిల్లల్ని మాత్రం వాటితోనే ఎందుకు కొలుస్తున్నాం?

మా అమ్మాయి మళ్లీ ఆడుతోంది, అన్నం తింటోంది. అయినా అద్దం ముందు పక్కకు తిరిగి పొట్ట చూసుకోవడం ఇంకా మానలేదు. ఏళ్ల తరబడి నేనన్న మాటలు నెలలో పోవు కదా.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈసారి చుట్టాలింటికి వెళ్తే, ఎదురొచ్చిన అమ్మాయిని చిక్కావనో, లావయ్యావనో అనకండి. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.

సెలవు.