చిల్లుకాణి వెల



మొన్న జమ్మలమడుగు రైతొకఁడు చిల్లుకాణిని నాకుఁ జూపెను. దానికి లక్ష యిచ్చెదము, ముందుగా రెండువేలు పంపుఁడని ఫోనులో నెవరో కోరిరఁట. వలదంటిని.

రెండవ ప్రపంచయుద్ధమున లోహము మిగుల్చుటకై 1943లో కాణి నడుమ రంధ్రము చేసిరి. 1947 వఱకుఁ గోట్లకొలఁది యచ్చొత్తిరి. అమెరికావారును 1943లో రాగి మిగుల్చుటకు నుక్కు సెంట్లు చేసిరి. అవియుఁ గోట్లే. పొరపాటున నా యేటి ముద్ర పడిన కొలఁది రాగి సెంట్లకే గొప్ప ధర పలికినది. ప్రాఁతదనము గాదు, అరుదగుటయే వెలకు మూలము.

చింతపండుతోఁ దోమకుఁడు, విలువ తగ్గును. పాత నాణెముల బేరములతోఁ దనకు సంబంధము లేదనియు, రుసుము లడుగననియు రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించినది. ప్రొద్దుటూరనుండు, పులివెందులనుండు, ముందుగా సొమ్మడుగువాఁడు కొనువాఁడు గాఁడు. కాణిని మనుమలకుఁ జూపి, దాని కథ చెప్పుఁడు.