విదేశయానము – వీసా కాగితము



మా గూడూరు రైలుజంక్షను. చెన్నపట్నమునకు పోవు బండికై యిక్కడ నిలిచియుండువారిలో అప్పుడప్పుడు కొందఱు వేఱుగా కనబడుచుందురు. త్రాటితో బిగించిన పెట్టె యొకటి, ప్లాస్టికు కవరులో పాసుపోర్టు, చుట్టును ఇంటివారందఱు. కువైటునకో, దుబాయికో, మస్కటునకో పోవువారు వారు. సాగనంప వచ్చినవారు కన్నీరు తుడుచుకొనుచు పెట్టె భద్రమనియు, డబ్బు భద్రమనియు పదిమాఱులు చెప్పుదురు. ఆ కవరులోని కాగితమున నేమి వ్రాసియున్నదో యడుగువాడు మాత్ర మా గుంపులో నుండడు.

వీసాల విషయమున నేను పండితుడను కాను. నేను చదివినవి కావ్యములు, వ్యాకరణము. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందితిని. ఈ ప్రసంగమునకు నాకు గల యర్హత యొక్కటియే: ఒక వీసా కాగితమును నా కన్నులతో చదివియు, అందున్న దానిని గ్రహింపక, ఒక కుటుంబమునకు కీడు చేసితిని.

2014వ సంవత్సరమున, నేనింకను బడిలో నుండగా, నా శిష్యు డొకని తల్లి సాయంకాలమున మా యింటికి వచ్చినది. ఇరువదియెనిమిదేండ్ల మనిషి. అయిదవ తరగతితో చదువు మానినది. దుబాయిలో నొక ఇంట వంటపనికి ఏజెంటు వీసా తెప్పించెనట. "అయ్యోరా, ఇది నిజం కాగితమేనా? ఒకసారి చదివి చెప్పండి" అని చేతికిచ్చినది. నేను కన్నద్దములు పెట్టుకొని పేరు చూచితిని, పుట్టిన తేది చూచితిని, పాసుపోర్టు నంబరును అంకె యంకెకు సరిపోల్చితిని. అన్నియు సరియే. టూరిస్టు అను మాటయు అందున్నది. దానిని కూడ చదివితిని; కచేరీ కాగితములలో నిట్టి మాటలు పెక్కు లుండునులే యని దాటిపోయితిని. పైగా ఏజెంటు రానుపోను రెండు ప్రయాణములకును టిక్కెట్టు కొనియిచ్చెను. ఎంత ఉదారుడు అని మెచ్చుకొంటిని! "కాగితము నిజమైనదే తల్లీ" అని చెప్పి పంపితిని.

ఆ మాటను నమ్మి ఆమె భర్త తనకున్న యెకరము నిమ్మతోటను తాకట్టుపెట్టి ఏజెంటునకు సొమ్ము చెల్లించెను. ఆమె దుబాయిలో దిగిన యెనిమిదవనాడు కారులో ఓమాను దేశమునకు చేర్చిరి. రెండు నెలలు జీతమిచ్చిరి, తరువాత లేదు. పాసుపోర్టు యజమాని బీరువాలో నుండెను. మూడేండ్లకు మన రాయబార కార్యాలయపు సాయముతో ఆమె తిరిగి వచ్చునప్పటికి నిమ్మతోట పరులదైనది. నన్ను చూచి ఆమె ఒక్క నిష్ఠురమైన మాట యనలేదు. అనియున్న బాగుండెడిది.

నేను చెప్పినది అబద్ధము కాదు. కాగితము నిజమైనదే. కాని దేనికి నిజమైనది? ఆ ప్రశ్నను నే నడుగలేదు.

వీసా యనునది లాటిను భాషనుండి వచ్చిన మాట. 'చూడబడినది' యని దాని యర్థము. పాసుపోర్టును పరిశీలించిన అధికారి, చూచితినని వేయు గుర్తునకు ఆ పేరు వచ్చినది. పాసుపోర్టు మన ప్రభుత్వ మిచ్చునది. వీడు మావాడు అని అది చెప్పును. వీసా అవతలి ప్రభుత్వ మిచ్చునది. వీడు ఇన్ని దినములు, ఈ పనికొఱకు మా దేశమునకు రావచ్చు నని అది చెప్పును. 'ఈ పనికొఱకు' అను నా భాగమే దానికి ప్రాణము.

ఇది తెల్లవారు కనిపెట్టిన వింత యని తలపవలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షు డను అధికారి కలడు. ఒక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చుట యతని పని. ముద్ర గలవానికే జనపదమున ప్రవేశించుటకును, వెడలుటకును అధికారము. ముద్ర లేక తిరిగిన స్వదేశీయునకు పండ్రెండు పణములు దండుగు. కూటముద్ర చూపినవానికి అంతకంటె హెచ్చు. వాడు పరదేశి యైనచో మఱింత హెచ్చు. మన ఏజెంట్లు కౌటిల్యుని చదివియుండరు గాని, కూటముద్రల సంగతి వారికి చక్కగా తెలియును.

మన తాతల కాలమున ఇంత చిక్కు లేదు. 1937 వఱకు బర్మా ఇండియాలో నొక రాష్ట్రముగనే యుండెను. కాకినాడలో పొగయోడ నెక్కి రంగూనులో దిగిన తెలుగు కూలివానిని నీ వీసా యేది యని యడిగినవాడు లేడు. కష్టపడువానికి ఎక్కడనైనను బ్రదుకు కలదని మన పెద్ద లనుట ఆ దినముల మాట. నేటి గల్ఫు దేశములకు అది చెల్లదు.

ఏల చెల్లదో చెప్పెదను. చూచిపోవుటకు వీసా తీసికొన్నవాడు అక్కడ పని చేసినచో, ఆ పని చేయుటయే నేరము. వానికి జీతపు ఒప్పందముండదు. జీతమీయలేదని మొఱపెట్టుకొనబోయిన, ముందుగా తానే నేరస్థుడగును. గడువు మీఱినచో దినమునకింత యని జరిమానా పెరుగుచుండును. పనికొఱకైన వీసాతో పోయినవానికి అక్కడ నివాసపత్రము దొరకును. దానిని మనవా రకామా యందురు. అకామా యున్నవానికి ఆ దేశపు కార్మికచట్ట మెంతో కొంత అండ. లేనివానికి ఏమియు లేదు.

ఆజాదు వీసా యని గల్ఫునందలి తెలుగువారిలో ఒక మాట కలదు. ఆజాదనగా స్వేచ్ఛ. పేరు వినుటకు సొంపుగా నున్నది గాని, అట్టి వీసా ఆ దేశముల చట్టములలో లేదు. కఫీలు, అనగా పూచీదారు, తన పేర వీసా తెప్పించి సొమ్ము పుచ్చుకొని, ఇష్టమైనచోట పనిచేసికొమ్మని విడిచిపెట్టును. ఒకనాడు వాడే తన పనివాడు పాఱిపోయెనని ఫిర్యాదు వ్రాయును. నాటినుండి ఆ మనుష్యుడు ఖల్లివెల్లి. ఈ మాటయు అరబ్బీనుండి మనవారు తెచ్చుకొన్నదే; చట్టమునకు వెలిగా నుండి, పోలీసులను చూచి సందులలో దూరువాడని దాని తాత్పర్యము. 2018లోను, మరల 2024లోను కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అట్టివారు పెక్కండ్రు జరిమానా లేకుండ ఇల్లు చేరగలిగిరి. క్షమాభిక్ష యెప్పుడు వచ్చునో ఎవ్వ రెఱుగుదురు?

ఇక మన దేశపు చట్టము. 1983వ సంవత్సరపు ఎమిగ్రేషను చట్టము మన కూలివారిని కాచుటకు చేయబడినది. పదవ తరగతి దాటనివారి పాసుపోర్టులో సామాన్యముగా ఈ.సి.ఆర్. అను మూడక్షరము లుండును. అట్టివారు గల్ఫు దేశములు, మలేషియా మొదలైన 18 దేశములకు పనికి పోవలెనన్న, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి యనుమతి కావలెను. హైదరాబాదులోను, చెన్నైలోను ఆ కచేరీలు కలవు. జీతమెంత, యజమాని యెవడు అను ఒప్పందమును వారు చూతురు. బీమా చేయింతురు. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండవలెను; 2016 నుండి అట్టివారిని ప్రభుత్వపు సంస్థల ద్వారానే పంపవలెనని నియమము. రిజిస్టరైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. దానికి రసీదు కలదు. ఏజెంటు రిజిస్టరైనవాడో కాడో ప్రభుత్వమువారి ఈ-మైగ్రేట్ జాబితాలో చూడవచ్చును. సెల్‌ఫోను చేతనున్న మనుమడు క్షణములో చూచి చెప్పును.

ఇప్పుడు మరల ఆ తల్లి కాగితమునకు రండు. ఆమెకు ముప్పది నిండలేదు. పదవ తరగతి లేదు. సరియైన దారిని పంపినచో అధికారి యడ్డగించును. కాని చూచిపోవుటకు పోవువారికి ఆ యనుమతితో పనిలేదు. వీసాయు, తిరుగుప్రయాణపు టిక్కెట్టును చూపిన చాలును. నేను ఉదారత యని మెచ్చుకొన్న యా రెండవ టిక్కెట్టు, ఆమెను కాపాడవలసిన గుమ్మమును తప్పించుటకు ఏజెంటు కొన్న తాళపుచెవి. ఇది నాకు తెలియుటకు మూడేండ్లు పట్టినది.

చదువుకొన్న పిల్లలకును ఈ ప్రమాదము తప్పలేదు. 2011 జనవరిలో అమెరికాలో కాలిఫోర్నియాయందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము బూటకమని అచ్చటి ప్రభుత్వము మూయించినప్పుడు చిక్కుకొన్న వారిలో తెలుగు విద్యార్థులు పలువురు. కొందఱి కాళ్లకు జాడ తెలుపు రేడియో యంత్రములు తగిలించిరి. చదువు వీసా చదువునకే.

మనబోటి వృద్ధులు కూతురి పురిటికో, మనుమని చూచుటకో అమెరికా పోవుట యిప్పుడు పల్లెలలో సహిత మున్నది. పదేండ్లకు వీసా యిచ్చిరి గదా యని కొందఱు నిశ్చింతగా నుందురు. ఆ పదేండ్లు గుమ్మముకడకు పోవుటకు మాత్రమే. ఎన్నాళ్లుండవచ్చునో విమానాశ్రయమున అధికారి నిర్ణయించును. సామాన్యముగా ఆఱు నెలలు. ఆ తేది ఐ-94 అను పత్రములో నుండును, దానిని దాటరాదు. తిరుమల దర్శనపు చీటీ చేతనున్నను, వరుసలో నిలిచి ద్వారముకడ చూపిన పిమ్మటనే గదా లోపలికి పోవుట! పాసుపోర్టు గడువును గూడ చూచుకొనవలెను. ఇంకను ఆఱు నెలల గడువు లేనిదే పెక్కు దేశములు రానీయవు.

సంచిలోని వస్తువుల మాట యొకటి. మా గూడూరి నిమ్మకాయలకు పేరున్నది. అవి తీసికొని అమెరికాలో దిగరాదు, పచ్చి పండ్లను తీసివేయుదురు, దాచినచో జరిమానా. అంతకంటె భయంకరమైనది గసగసాల పొట్లము. మనయింట మసాలాలో నూఱుకొను గసగసాలు దుబాయిలో నిషిద్ధమైన మత్తుపదార్థము. కొడుకు కూరకొఱకు తల్లి కట్టియిచ్చిన పొట్లము ఆ కొడుకును చెఱసాలకు పంపగలదు. నొప్పికిని, దగ్గునకును వాడు మందులలోను కొన్ని యట్టివే. వైద్యుని చీటీ లేక తీసికొని పోరాదు.

ఇప్పుడును మా వీథిలోనివారు కాగితములు నాయొద్దకు తెత్తురు. ఏల తెత్తురో నాకు తెలియదు. నేను వెంటనే జవాబు చెప్పను. ఒక రాత్రి యుంచుకొందును. పేరు, తేది తరువాత చూతును. ఎందుకు పోవుటకు, ఎన్ని దినములకు, ఎవరి పూచీమీద అను మూడు పంక్తులను ముందుగా వెదకుదును. తెలియని మాటయున్న దాటిపోక, తెలిసినవారి నడుగుదును.

ఇటీవల నొక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. కువైటులో కంపెనీ గిడ్డంగిలో లెక్కలు వ్రాయు పని యని ఏజెంటు చెప్పెనట. కువైటులో సంస్థలలో పనికి 18వ అధికరణపు వీసా, ఇండ్లలో పనికి 20వది. ఈ రెండవదానినే మనవారు ఖాదిం వీసా యందురు. కాగితమున నున్నది 20. ఇది గిడ్డంగికి కాదు, ఒకరి యింటిలో పనికి అని చెప్పితిని. పిల్లవాడు తలవంచుకొనెను. తండ్రి చాలసేపు మాటాడలేదు.

"అడ్వాన్సు ఇచ్చేసినామే, అయ్యోరా" అనెను తుదకు.

ఎంత యని యడిగితిని. చెప్పెను. మిగిలినది చెల్లించితిరా యని యడిగితిని. సోమవారము చెల్లింపవలెననెను. ఆనాడు శుక్రవారము. పోయినది పోగా ఉన్నదానిని నిలుపుకొమ్మని చెప్పి, ఆ యేజెంటు పేరు జాబితాలో నున్నదో లేదో నా మనుమనిచేత వారి యెదుటనే చూపించితిని. లేదు. తండ్రి ఆ ఫోనును చేతికి తీసికొని, చదువురానివాడయ్యును, ఆ పేరులన్నింటిని పైనుండి క్రిందికి మఱియొకమాఱు చూచెను. పిమ్మట కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని, కొడుకు భుజముమీద చేయివేసి, మెట్లు దిగిపోయెను.