పెరటిలోని గంజాయి మొక్క
(అంగలకుదురు పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



“నా పెరటిలో, నా కుండీలో, నా వాడుకకై యొక్క గంజాయి మొక్కను బెంచుకొనిన సర్కారువారి కేమి నష్టము?” అని కొందఱు యువకులు వాదించుచున్నారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము 2018లో నట్టి పెంపకము నేరము గాదన్నది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 మొదలు వయోజనునకు మూడు మొక్కలు చెల్లును. ఇవి నిజములే, కాని ఆ శాసనములు తెనాలిలో చెల్లవు.

మన దేశమున నమలులో నున్నది 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము. దాని 8వ సెక్షను గంజాయి మొక్కను బెంచుటను నిషేధించుచున్నది. వైద్యమునకు, శాస్త్రపరిశోధనకు, నార విత్తనముల కొఱకు ప్రభుత్వానుమతితో మాత్రమే మినహాయింపు గలదు. సాగు విషయమున “సొంత వాడుక” యను మాటకు తావు లేదు. 20వ సెక్షను ప్రకారము సాగునకు పదేండ్ల వఱకు కఠిన కారాగారమును, లక్ష రూపాయల వఱకు జుల్మానాయును. మొక్క యొక్కటియా, వందయా యను లెక్క లేదు.

ఇచ్చటనే పలువురు పొరబడుచున్నారు. కిలో వఱకు గంజాయి స్వల్ప పరిమాణమనియు, దానికి ఏడాదికి మించి ఖైదు లేదనియు విని, మొక్కకును నదియే వర్తించునని తలంచుచున్నారు. ఆ తూనిక కోసిన సరకునకే గాని వేరుతో నున్న మొక్కకు గాదు. సంచిలో కిలో యున్నవానికి ఏడాది. కుండీలో మొక్క పెంచినవానికి పదేండ్లు! పూత కలియని యాకు గంజాయి నిర్వచనమున చేరదన్న మాట నిజమే; ఆ మాటయు మొక్కను గాపాడదు.

ఇంటి పెద్దలు మఱియొకటి గ్రహింపవలెను. తన భూమిలో నిట్టి సాగు జరుగుచున్నదని తెలిసియు తెలుపని భూస్వామి 46వ సెక్షను క్రింద శిక్షార్హుడు. 47వ సెక్షను సర్పంచులకును గ్రామోద్యోగులకును నదే బాధ్యత విధించినది. అయితే తనంత మొలచిన మొక్క సాగు గాదు. నిందితుడే పెంచెనని రుజువు గావలెనని సుప్రీముకోర్టు చెప్పియున్నది.

రైతులు మాత్రము భయపడ నక్కఱలేదు. ఇంగ్లీషువారు జనుమును, గోగును కూడ “హెంపు” అనియే పిలిచినను నవి వేఱు జాతులు. వరికోత వెనుక జనుము చల్లుటకు లైసెన్సు వలదు.

ఉప్పు వండుకొనినట్లే గంజాయి పెంచుకొందుమని కొందఱందురు. 1930లో నుప్పు వండినవారు పట్టపగలు వండి, శిక్షను గోరి స్వీకరించిరి. గోడచాటు కుండీ సత్యాగ్రహము గాదు. ఒక మొక్కకు పదేండ్లు మితిమీఱిన శిక్షయని నేనును నమ్ముదును. దానిని సవరించుటకు పార్లమెంటు గలదు. ఆ ప్రశ్నను మన ప్రతినిధుల ముందు బహిరంగముగా నుంచుదము.

అంతవఱకు మన పిల్లలను జెఱసాల పాలు కానీయరాదు. అలవాటుపడినవానిని దాచి పెట్టకుడు, వెలివేయకుడు. స్వల్ప పరిమాణముతో గాని సేవనముతో గాని నేరమారోపింపబడిన వ్యసనపరుడు తనంతట ప్రభుత్వాసుపత్రిలో చికిత్స పొందినచో 64ఎ సెక్షను వానిని విచారణనుండి విముక్తుని జేయుచున్నది. కుండీలో మొక్క నాటినవాని కీ ద్వారము గూడ మూసియున్నది. కావున విత్తనము నాటకముందే యీ మాట మీ యిండ్లలో జెప్పుడు.